రెండో నంబరు ప్లాట్‌ఫామ్

గురువారం పొద్దున మస్తాన్ వలీ వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే అరగంట ముందు ఆఫీసుకు చేరుకోవాలి. ఒక్క కాగితం ప్రింటు తీయాలి. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని, మధ్యాహ్నం భోజనాల వేళ నాగేందర్‌కు చూపించాలి. సాయంత్రం ఇంటికి వచ్చేలోగా నూట యాభై రియాల్లు టెన్నిస్ మీద పెట్టాలి. నలభై మూడేళ్ళ జీవితంలో అతను లాటరీ టిక్కెట్టు కూడా కొని ఎరగడు.

వంటింట్లో మేరాజ్ బేగం స్టీలు గిన్నెలను పాత వార్తాపత్రికల్లో చుట్టి అట్టపెట్టెలో సర్దుతోంది.

"ఇంత పొద్దున్నే యాడికి?" అంది తలెత్తకుండానే.

"ఆఫీసులో పని ఉండాది. నువ్వేంది, అప్పుడే సర్దుతాండావు? ఇంగా ఇరవై రెండు దినాలు ఉండాది కదా."

"ఇరవై రెండు దినాల్లో ఎనిమిది వేలు యాడనుంచి వస్తాయి? వాషింగ్ మిషన్ చూసుకునేదానికి పదకొండు గంటలకు మనిషొస్తాడు. మూడు నూర్లకు తక్కువైతే ఇయ్యను."

మస్తాన్ వలీ ఎనిమిది వేల వంద అని సరిదిద్దబోయి ఊరుకున్నాడు.

ప్రొద్దుటూరు నుంచి సౌదీలోని అల్ ఖోబర్ వచ్చి అతనికి పదకొండేళ్ళు. భార్యాపిల్లల్ని తెచ్చుకుని ఎనిమిదేళ్ళు. నిరుడు జూలైలో లెవీ వచ్చింది. ఇంట్లో ఆధారపడ్డ ప్రతి మనిషికీ నెలకు వంద రియాల్లు సర్కారుకు కట్టాలి. ఈ జూలైలో అది రెండు వందలయింది. వచ్చే జూలైలో మూడు వందలు. ఇకామా, అంటే నివాస అనుమతి, ఇంకో ఇరవై రెండు రోజుల్లో తీరిపోతుంది. కొత్తది చేయించుకోవాలంటే ఏడాది సొమ్మంతా ముందే కట్టాలి. భార్య, కూతురు మెహక్, కొడుకు. వచ్చే జూలై పెంపుతో సహా ముగ్గురికి కలిపి ఎనిమిది వేల వంద. అతని జీతం నాలుగు వేల రెండు వందలు, అది కూడా రెండు నెలలుగా రాలేదు. వాళ్ళున్న మేడలో పన్నెండు వాటాలకు ఏడు ఖాళీ అయ్యాయి. మెహక్ బడిలో తొమ్మిదో తరగతికి ఆరు సెక్షన్లుండేవి, ఇప్పుడు నాలుగు. వీధి మలుపులో ఎవరో వదిలేసిన సోఫా మీద పిల్లులు కాపురం పెట్టాయి.

ఈ దిగుల్లో ఉండగా టెన్నిస్ మాట ఎత్తినవాడు నాగేందర్. జగిత్యాల దగ్గరివాడు, కంపెనీలో ఏసీ మెకానిక్.

"క్రికెట్ల వాన పడ్డదంటే ఆట ఆగుతది, డ్రా అయితది. టెన్నిస్‌ల గా లొల్లే లేదు భాయ్" అన్నాడు ఒకరోజు క్యాంటీన్లో.

"జూదం కదరా అది?"

"జూదం గాదు, ప్రిడిక్షన్ మార్కెట్టు. ఫలానాయన గెలుస్తడు అన్న మాటకు ఒక ధర ఉంటది. అరవైకి కొంటవు. ఆయన గెలిస్తే నీ అరవై నూరైతది. గెలువకుంటే సున్న. ఉల్లిగడ్డల బేరం తీర్గనే."

"నువ్వు కొన్నావా?"

"మా బామ్మర్ది కొన్నడు, యాన్బుల. నెలల నాలుగు వేల రియాల్లు కమాయించిండు."

నాలుగు వేలు అంటే దాదాపు సగం లెవీ. ఆ లెక్క మస్తాన్ వలీ బుర్రలో ముల్లులా దిగిపోయింది. మనసులోదంతా చెప్పుకునే నమాజులో కూడా ఈ ఒక్క సంగతి అతను చెప్పుకోలేదు.

ఇంకొకడైతే ఆ పూటే పందెం కాసి, మర్నాటికల్లా పోగొట్టుకుని, దులుపుకుని లేచేవాడు. మస్తాన్ వలీ అలా చేయలేడు. కంపెనీలో అతని ఉద్యోగం డాక్యుమెంట్ కంట్రోలర్. బల్బు కొనాలన్నా బస్సు అద్దెకు తీసుకోవాలన్నా మూడు కొటేషన్లు తెప్పించడం, వాటిని పక్కపక్కన గడుల్లో పెట్టి ఏది మేలో తేల్చడం అతని పని. దాన్ని కంపారిటివ్ స్టేట్‌మెంట్ అంటారు. పదకొండేళ్ళలో అతను వేసినవి రెండు వేల పైచిలుకు. కూరగాయల కొట్లో టమాటాలు కూడా మూడు దుకాణాలు చూడనిదే కొనలేని స్థితికి వచ్చాడు.

కాబట్టి మూడు వారాలు పోల్చాడు. మూడు ప్లాట్‌ఫామ్‌లు దొరికాయి. ఏస్ పాయింట్, గ్రీన్ బేస్‌లైన్, సెట్ అండ్ మ్యాచ్. ఒక్కొక్కదానికి డబ్బు కట్టే దారులు నాలుగు. కార్డుతో కడితే బ్యాంకుకు తెలుస్తుంది, పైగా బ్యాంకు మెసేజ్ వచ్చే ఫోను మెహక్ చేతిలో ఉంటుంది. ఆన్‌లైన్ వాలెట్ అయితే ఇకామా ఫొటో పంపమంటుంది. అది మన గొయ్యి మనం తవ్వి, కొలతలు కూడా పంపినట్టు. డిజిటల్ కాయిన్ అయితే ఎవరికీ తెలియదు గానీ, కన్ను మూసి తెరిచేలోగా దాని ధరే మారిపోతుంది. ఇక నాలుగోది, చేతిలో డబ్బు పుచ్చుకుని ఖాతాలో వేసే ఏజెంటు. అతని దగ్గరికి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి వచ్చి బాగుందని చెప్పలేదు.

అన్నిట్లోనూ ఒక విచిత్రం కనబడింది. డబ్బు లోపలికి వెళ్ళడానికి రెండు నిమిషాలు. బయటికి రావడానికి మూడు నుంచి ఏడు పని దినాలు. పని దినాలంటే ఆదివారం నుంచి గురువారం దాకానా, సోమవారం నుంచి శుక్రవారం దాకానా అని మస్తాన్ వలీ మూడు ప్లాట్‌ఫామ్‌లకూ ఉత్తరాలు రాశాడు. రెండోది ఒక్కటే జవాబిచ్చింది. ఆ మర్యాదకు మెచ్చి దానికి మూడు మార్కులు కలిపాడు.

మొత్తానికి స్టేట్‌మెంట్ పూర్తయింది. మూడు వారాల్లో ఒక్క హలాలా నాణెం కూడా పందెం కాయలేదు. సౌదీలో జూదం మాట వినబడితే జైలే కాబట్టి, కాగితం మీద ఎక్కడా పందెమన్న పదం రాకుండా జాగ్రత్తపడ్డాడు. పైన ఇంగ్లీషులో ముద్దుగా రాశాడు: 'టెన్నిస్ ప్లాట్‌ఫామ్స్ – పేమెంట్ మెథడ్స్ – కంపారిటివ్ స్టేట్‌మెంట్.' అడుగున మూడు ప్లాట్‌ఫామ్‌ల లింకులు ఇచ్చాడు. రెండోదాని పక్కన నక్షత్రం గుర్తు పెట్టి 'సిఫారసు చేయడమైనది' అన్నాడు. అలవాటు.

ఆఫీసులో ఎవరూ కనబడలేదు. ఖర్చులు తగ్గించాక మిగిలిన ఒకే ఒక్క ప్రింటర్ అడ్మిన్ మేనేజర్ మతీన్ సాబ్ గదిలో ఉంది. మస్తాన్ వలీ తన సీట్లోంచి ప్రింటు కొట్టి, ఆ గది తలుపు తోశాడు.

లోపల మతీన్ సాబ్ కూర్చుని ఉన్నాడు. చేతిలో ఆ కాగితం ఉంది.

హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ఏనాడూ తొమ్మిదిలోపు రాడు. ఆ రోజు మాత్రం ఎగ్జిట్ మీద ఇంటికి పంపాల్సిన పధ్నాలుగు మంది జాబితా సిద్ధం చేయడానికి ఏడింటికే వచ్చాడు. సౌదీలకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో సర్కారు చూసే నితాకాత్ లెక్కలో కంపెనీ పసుపు రంగులో ఉంది. సౌదీల సంఖ్య పెరగాలి, లేదా పరాయివాళ్ళ సంఖ్య తగ్గాలి. లేకపోతే ఎరుపులోకి జారుతుంది. ఎరుపులో పడ్డ కంపెనీకి ఒక్క ఇకామా కూడా కొత్తది కాదు.

"మస్తాన్ మియా, ఇది నువ్వే చేసినవా?" అన్నాడు మతీన్ సాబ్.

మస్తాన్ వలీ కాగితం అడుగుకు చూశాడు. ఒప్పుకుంటే జైలు. కాదంటే, అడుగున తన పేరు అచ్చయి ఉంది. అదీ అలవాటే.

"అవును సాబ్" అన్నాడు.

మతీన్ సాబ్ లేచి వచ్చి అతన్ని కావలించుకున్నాడు. "బహుత్ ఖూబ్! ఎనిమిది నెలల సంది మనం మెయింటెనెన్స్ చేసే ఆ విల్లాల కాంపౌండ్ వాళ్ళు టెన్నిస్ కోర్టు పగిలింది, పగిలింది అని నా ప్రాణం తీస్తున్నరు. ఎవ్వడూ పట్టించుకోలే. నువ్వు నోరు తెరవకుండ మూడు కంపెనీల కొటేషన్లు తెచ్చి పెట్టినవ్. ప్లాట్‌ఫామ్ అంటే కోర్టు ఫ్లోరింగే కద?"

మస్తాన్ వలీ రెండు క్షణాలు ఆలోచించాడు. ఆ రెండు క్షణాలే అతని ఖర్మను రాశాయి.

"ఫ్లోరింగే సాబ్."

"మరి ఈ మినిమం డిపాజిట్ నూట యాభై ఏంది? అడ్వాన్సా?"

"అడ్వాన్సే సాబ్."

"నూట యాభై రియాల్లకు కోర్టు పని మొదలుపెడ్తరా! చలో, ముదీర్ దగ్గరకు పోదాం. వచ్చే వారం ఆ కాంపౌండ్ కాంట్రాక్టు రెన్యువల్ ఉంది. ఇది చూస్తే షేక్ ఖుషీ అయితడు."

ముదీర్ అంటే కంపెనీ యజమాని, అందరూ షేక్ అని పిలిచే, అరవై దాటిన సౌదీ. ఆయన సంతకం లేనిదే కంపెనీలో ఈగ కూడా ఇకామా మార్చుకోలేదు. కాగితాన్ని కళ్ళజోడు కిందినుంచీ పైనుంచీ చూశాడు. ఇంగ్లీషు చదవలేని మనిషికి గడులంటే మహా గౌరవం. మతీన్ సాబ్ అరబ్బీలో ప్రతి గడికీ పొగడ్త కట్టి చెప్పాడు. ముదీర్ నక్షత్రం గుర్తు మీద వేలు పెట్టి, "ఇదేనా మంచిది?" అని అడిగాడు. మస్తాన్ వలీ తల ఊపాడు. "మాషాల్లా. ఇద్దరూ ఇప్పుడే కాంపౌండుకు వెళ్ళండి. కాగితం కాపీ ఒకటి ఇక్కడ పెట్టండి" అన్నాడు ముదీర్.

ఆ కాపీ ఎందుకు పెట్టమన్నాడో అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

దారిలో మస్తాన్ వలీ నాగేందర్‌కు ఫోను చేశాడు. "రే, కొలత టేపు తీసుకుని కాంపౌండ్ టెన్నిస్ కోర్టు కాడికి రా. ఎవరడిగినా నువ్వు ఫ్లోరింగ్ మనిషివి."

"నేను ఏసీ మనిషిని గదా భాయ్."

"ఈ పొద్దు మాత్రం ఫ్లోరింగ్ మనిషివి."

కాంపౌండ్ ధహ్రాన్ దారిలో ఉంది. నూట ఇరవై విల్లాలు, డెబ్భై ఖాళీ. పిల్లలు లేని ఉయ్యాలలు గాలికి వాటంతటవే ఊగుతున్నాయి. ఆఫీసులో జైనాబ్ అనే సౌదీ అమ్మాయి కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి. సౌదీల సంఖ్య కోసం కాంపౌండ్ వాళ్ళు ఆరు నెలల కిందట చేర్చుకున్నారు. బల్ల మీద ఒక్క ఫైలూ లేదు. కాగితాన్ని ఆమె ముదీర్‌లా చూడలేదు, చదివింది.

"విత్‌డ్రాయల్, మూడు నుంచి ఏడు పని దినాలు. అంటే ఏమిటి?" అని ఇంగ్లీషులో అడిగింది.

"పాత ఫ్లోరింగ్ బయటికి తీసేదానికి పట్టే టైము మేడమ్."

"మూడోదానికి రిస్క్ హై అని ఉంది."

"దాని మీద కాలు జారుతుంది మేడమ్."

"వెరిఫికేషన్‌కు ఇకామా ఫొటో?"

"పనివాళ్ళకు గేట్ పాస్ కోసం."

"వాలెట్?"

మస్తాన్ వలీ చొక్కా వీపుకు అతుక్కుంది. "ఆడేవాళ్ళు పర్సులు పెట్టుకునేదానికి... పక్కన చిన్న గూడు."

జైనాబ్ పెదవి కొంచెం వంగింది. "డిజిటల్ కాయిన్?"

మతీన్ సాబ్ కూడా ఈసారి అతనివైపు తిరిగి చూశాడు.

"టాస్ వేసేదానికి మేడమ్" అన్నాడు మస్తాన్ వలీ.

జైనాబ్ కాగితం బల్ల మీద పెట్టింది. తర్వాత లేచి కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడ నాగేందర్ పగిలిన కోర్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, నెట్టు ఎత్తును ఏసీ డక్టు కొలిచినట్టు నాలుగు వైపులా కొలుస్తున్నాడు.

"మొదలుపెట్టండి. కాంట్రాక్టు రెన్యువల్‌కు నేను రాస్తాను" అంది.

మతీన్ సాబ్ కారిడార్లోనే ముదీర్‌కు ఫోను చేశాడు. స్పీకర్లో ముదీర్ గొంతు మోగింది. ఆ మనిషి కుటుంబం వెళ్ళిపోతోందని విన్నాను, ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, ఆ ముగ్గురి లెవీ కంపెనీయే కడుతుంది అన్నాడు. మతీన్ సాబ్ అనువాదం చేసి చెప్పినా మస్తాన్ వలీకి అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత గోడవైపు తిరిగి మేరాజ్‌కు ఫోను చేశాడు.

"వాషింగ్ మిషన్ అమ్మొద్దు."

"మనిషి ఈడే ఉండాడు, రెండు నూర్ల ఎనభైకి వచ్చినాడు. ఇంగ ఇరవైలో ఉండాం."

"పంపించెయ్. ముదీర్ లెవీ కడ్తానన్నాడు. ముగ్గురిదీ."

అవతల గిన్నె ఏదో నేల మీద పెట్టిన శబ్దం. తర్వాత, "నిజంగానా?" అన్న గొంతు వినబడింది. ఆ గొంతు మస్తాన్ వలీ విని ఏడాదిన్నర అయింది. తను చెప్పిన అబద్ధాలన్నిటినీ ఆ క్షణంలో అతను క్షమించేశాడు.

రెండు గంటలకు ఆఫీసుకు తిరిగొచ్చేసరికి అకౌంటెంట్ ఇస్సాక్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. నెల్లూరు మనిషి, నెమ్మదస్తుడు.

"ఏందన్నా, నీ ప్లాట్‌ఫామ్ వాళ్ళు డబ్బులు తీసుకోవడం లేదే? నాలుగు సార్లు కొట్టాను. నాలుగోసారికి కార్డే చచ్చిపోయింది."

"ఏ ప్లాట్‌ఫామ్?"

"రెండోది. గ్రీన్ బేస్‌లైన్. మీరు అటు పోంగానే ముదీర్ పిలిచి ఆ నూటయాభై డిపాజిట్టు ఇప్పుడే కట్టెయ్ అన్నాడు. లింకు నువ్వే రాసినావు గదా కింద."

"ఏ కార్డుతో?"

"కంపెనీ కార్డుతో. ముదీర్ పేరు మీద ఉంటదే, అది."

మస్తాన్ వలీ మెట్ల మీదే కూర్చుండిపోయాడు. మూడు వారాల పరిశోధనలో కార్డు గడిలో తన చేత్తో తానే రాసిన మాట గుర్తొచ్చింది: 'సిఫారసు చేయలేము.'

లోపల ముదీర్ గదిలో ఫోను మోగింది. అటువైపు బ్యాంకు. జూదం సైటుకు నాలుగు సార్లు డబ్బు కట్టబోయిన కార్డును ఆపేశారు. విచారణ తేలేదాకా ఖాతా మొత్తం స్తంభింపజేశారు. అరవై మూడు మంది వర్క్ పర్మిట్ల సొమ్ము ఆ ఖాతాలోంచే సర్కారుకు వెళ్ళాలి. ఆదివారం గడువు.

పావుగంట తర్వాత ముదీర్ మస్తాన్ వలీని ఒక్కణ్ణే పిలిచి తలుపు వేయించాడు. అతను నిలబడే అంతా చెప్పేశాడు, వచ్చిన అరబ్బీలో, రాని చోట హిందీలో. ఇరవై రెండు రోజులు, ఎనిమిది వేల వంద, ఉల్లిగడ్డల బేరం, ఏదీ దాచలేదు. ముదీర్ కోపగించుకోలేదు. కోపగించుకుంటే బాగుండుననిపించింది.

"బ్యాంకు కుర్రవాడు నన్ను అడిగాడు" అన్నాడు ముదీర్ మెల్లగా. "షేక్, మీరు టెన్నిస్ మీద జూదం ఆడుతున్నారా అని. ఆ కుర్రవాడి తాతా నేనూ ఒకే మసీదులో నమాజు చేస్తాం. నేనేమన్నానో తెలుసా? టెన్నిస్ కోర్టు కట్టిస్తున్నాను, డిపాజిట్టు కట్టబోతే పేరు పోలిన ఏదో వెబ్‌సైటుకు తగిలింది అన్నాను. ఆదివారం కాగితాలు తెమ్మన్నాడు. కోర్టు ఉండాలి. కాంట్రాక్టు ఉండాలి. లేకపోతే మనిద్దరిలో ఒకడు జైలుకు. ఎవరు వెళితే మేలో నువ్వే స్టేట్‌మెంట్ వేసుకో."

శుక్రవారం సెలవు. మేరాజ్ బేగం అట్టపెట్టెలోంచి స్టీలు గిన్నెలు తీసి మళ్ళీ గూట్లో పేర్చింది. అమ్మడం మానుకున్న వాషింగ్ మిషన్లో దుప్పట్లు వేసింది. అది తిరుగుతున్నంతసేపూ దాని పక్కన పీట మీద కూర్చుని మస్తాన్ వలీ సంగతంతా చెప్పాడు.

"ఎంత పోగొట్టినావు?" అంది చివరికి.

"ఏమీ లేదు. నేను ఒక్క రియాలు కూడా పెట్టలేదు."

"మూడు వారాలు రోజూ చూసి, ఒక్కటి కూడానా?"

"ఏది మంచిదో తేలలేదు."

మేరాజ్ బేగం అతని మొహం కేసి చూసింది. నవ్వు మొదలైంది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. నవ్వి నవ్వి కళ్ళ వెంట నీళ్ళు పెట్టుకుంది. కాసేపటికి ఆ నీళ్ళు నవ్వువి కాదని ఇద్దరికీ తెలిసింది.

"జూదానికి కూడా ధైర్యం ఉండాలయ్యా" అంటూ లేచి గిన్నెలు మళ్ళీ అట్టపెట్టెలోకి దించడం మొదలుపెట్టింది. "ఇంగ ముదీర్ లెవీ యాడ కడ్తాడు? ఆ మిషన్ మనిషి నంబరు ఉండాదా?"

మిషన్ మనిషి ఈసారి రెండు వందలకు మించి ఇవ్వలేదు. ఆ వారంలో ఆ వీధిలోనే ఇంకో మూడు మిషన్లు అమ్మకానికి వచ్చాయట.

ఆదివారం పొద్దున మస్తాన్ వలీ ఒంటరిగా జైనాబ్ దగ్గరికి వెళ్ళాడు. కోర్టు పని కంపెనీకి అప్పగించినట్టు, ఫ్లోరింగ్ వెతికే బాధ్యత మస్తాన్ వలీ అనే కోఆర్డినేటర్‌ది అయినట్టు గురువారం తేదీతో ఉత్తరం కావాలని అడిగాడు. ఎందుకని ఆమె అడగలేదు. టైపు చేయడం మొదలుపెట్టింది.

"మీకు తెలుసా మేడమ్?" అన్నాడు ఉండబట్టలేక.

"టాస్ వేసే కాయిన్ దగ్గర తెలిసింది. నేను నాలుగేళ్ళు కాలేజీలో టెన్నిస్ ఆడాను."

"మరి ఎందుకు ఒప్పుకున్నారు?"

ఆమె ఖాళీ బల్ల వైపు చెయ్యి చూపింది. "నన్ను ఇక్కడ లెక్క కోసం కూర్చోబెట్టారు. ఆరు నెలల్లో ఎవరూ ఒక్క ఫైలు ఇవ్వలేదు. వారానికోసారి వచ్చి నేను ఉన్నానో లేదో చూసి పోతారు. మీరు తెచ్చింది నా మొదటి ఫైలు." ఉత్తరం మీద ముద్ర వేసి ఇచ్చింది. "కోర్టు మాత్రం నిజంగా వేయాలి. పచ్చరంగు."

బ్యాంకు ఉత్తరం చూసింది, కోర్టు ఫొటోలు చూసింది, తొమ్మిది రోజులు ఆలోచించింది. ఖాతా తెరిచింది. గడువు దాటినందుకు జరిమానా పడింది గానీ కంపెనీ పసుపులోనే నిలిచింది. ఆ సంతోషంలో మస్తాన్ వలీ ధైర్యం చేసి లెవీ మాట ఎత్తాడు.

ముదీర్ రంగు డబ్బాల బిల్లు బల్ల మీద పెట్టాడు. అక్రిలిక్ పచ్చరంగు, తెల్లగీతల రంగు, కొత్త నెట్టు. కూలీ కాక ఎనిమిది వేల మూడు వందలు.

"నీ కుటుంబం కోసం పక్కన పెట్టిన సొమ్ము ఇదే. రెండు వందలు ఎక్కువైంది. ఆ రెండు వందలు నీ జీతంలో పట్టుకోను, ఫో" అన్నాడు.

పధ్నాలుగు మంది జాబితా అప్పుడే బయటికి వచ్చింది. మస్తాన్ వలీ పేరు ఏడోది. మతీన్ సాబ్ ఆ గురువారం పొద్దున అతన్ని కావలించుకునేటప్పటికే అది టైపయి ఉంది. కానీ బ్యాంకు ఫైల్లో అతను కోర్టు కోఆర్డినేటర్ కదా, ఇప్పుడు పంపిస్తే బ్యాంకు మళ్ళీ అడుగుతుంది. ముదీర్ ఆ పేరు కొట్టేశాడు. జాబితా మాత్రం పధ్నాలుగుకు తగ్గకూడదు. అడ్మిన్ మేనేజర్ పని ఇకమీదట సౌదీ చేస్తాడని చెప్పి, ఏడో చోట మతీన్ సాబ్ పేరు రాశాడు. మతీన్ సాబ్ తన ఎగ్జిట్ కాగితాన్ని తన గదిలో తానే ప్రింటు తీసుకున్నాడు.

నాగేందర్ పేరు పదకొండోది. వెళ్ళే ముందు పన్నెండు రోజులు అతను కోర్టు పనికి వచ్చాడు. పగుళ్ళు పూడ్చాడు, రంగు పట్టాడు, దారం కట్టి తెల్లగీతలు గీశాడు. ఏసీ మెకానిక్ అని చెబితే ఎవరూ నమ్మనంత నున్నగా వచ్చింది పని.

"భాయ్, ఒక్క మాట జెప్పాలె" అన్నాడు చివరిరోజు రోలరు కడుగుతూ. "మా బామ్మర్ది నాలుగు వేలు కమాయించిండంటి గదా. మొన్న ఫోన్ల అడిగిన. గవి వచ్చినయి గావట, పోయినయట. నేనే తప్పు ఇన్న."

మస్తాన్ వలీ బకెట్టు అందుకుని నీళ్ళు పారబోశాడు. నాగేందర్ రెండు రోజుల తర్వాత విమానమెక్కాడు.

మేరాజ్ బేగం, పిల్లలు అంతకు వారం ముందే వెళ్ళిపోయారు. దమ్మామ్ విమానాశ్రయంలో మెహక్ తన బడి సంచీ చేతిలోంచి దించలేదు. "నాయనా, నా టీసీలో చదువు ఆపడానికి కారణం అని ఉండాది. ఏం రాయించినావు?" అని అడిగింది. ఎగ్జిట్ అని రాయించానన్నాడు. ఆ పిల్ల తల ఊపి తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"నీ పని ఉండాది కదా, అది చాలు" అంది మేరాజ్ బేగం. "అన్నం మాత్రం మూడు హోటళ్ళు పోల్చకుండా తిను."

ఆమె నవ్వించాలనే అంది. అతను నవ్వాలనే చూశాడు. పాస్‌పోర్టు క్యూ కదిలింది. ముగ్గురూ అద్దాల తలుపు దాటి మలుపు తిరిగారు.

ఇంటి అద్దె ఒక్కడికి ఎందుకని అతను కంపెనీ క్యాంపులో నాగేందర్ ఖాళీ చేసిన మంచానికి మారాడు. బ్యాంకు ఫైలు మూసేదాకా కోర్టుకు బాధ్యుడు అతనే. ఆ ఫైలు ఎప్పుడు మూస్తారో ఎవరికీ తెలియదు. నితాకాత్ వచ్చినా లెవీ పెరిగినా కదపడానికి వీల్లేని పరాయివాడు ఇప్పుడు కంపెనీలో అతనొక్కడే అని ఇస్సాక్ అంటూ ఉంటాడు, కొంచెం అసూయగానే.

కోర్టు ప్రారంభానికి జైనాబ్ కత్తెర, రిబ్బను తెప్పించింది. రాకెట్లు కూడా రెండు తెచ్చింది. ప్రారంభం జరక్కముందే, ఆ నెలలోనే ఇంకో ఇరవై విల్లాలు ఖాళీ అవడంతో కాంపౌండ్ వాళ్ళు మనుషుల్ని తగ్గించి, ఆమెను అల్ ఖోబర్లో తమ ఇంకో ఆఫీసుకు పంపారు. అక్కడ కూడా లెక్క తక్కువైందట. రాకెట్లు గూట్లో పెట్టి తాళం మస్తాన్ వలీకి ఇచ్చి వెళ్ళింది.

రోజూ పొద్దున అతను వెళ్ళి ఆ పచ్చటి నేల మీద ఇసుక ఊడుస్తాడు. నెట్టు బిగువు చూస్తాడు. ఆడినవాళ్ళ పేర్లు రాయడానికి ఒక రిజిస్టరు పెట్టాడు. నెల తిరిగేసరికి ఆ ఖాళీ రిజిస్టరును తీసుకెళ్ళి ముదీర్ చేత సంతకం చేయిస్తాడు. కోర్టు ఎలా నడుస్తోందని ముదీర్ అడుగుతాడు.

"బాగుంది షేక్" అంటాడు మస్తాన్ వలీ. "ఇంతవరకూ ఎవరూ ఓడిపోలేదు."